విదేశీ భాషల స్నాతకోత్తర, పరిశోధక విద్యార్థుల పరీక్షా నిబంధనలు: కృష్ణాడెల్టా నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

విదేశీ భాషల్లో ఎం.ఏ., పిహెచ్.డి. చేయదలచిన విద్యార్థి ఎదుర్కొనే పరీక్షలు ఒక్క తీరువి కావు. భాషాసంస్థల స్థాయీ పరీక్షలు, ప్రవేశపరీక్షలు, నెట్, కోర్సువర్క్, వైవా అనే ఈ మెట్లలో ఒక్కొక్కటి ఒక్కొక్క సామర్థ్యాన్ని కొలుస్తుంది. ఇతర శాస్త్రాల పరిశోధకులకు కొన్ని దేశాల్లో విధించే పఠనభాషా పరీక్ష వీటికి భిన్నమైనది. విజయవాడ, మచిలీపట్నం పరిసరాల విద్యార్థులను దృష్టిలో ఉంచుకొని ఈ నిబంధనలను వివరించడం, అవి ఏ సామర్థ్యాన్ని కొలుస్తున్నాయో, దేన్ని వదిలేస్తున్నాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: విదేశీ భాషలు, నెట్, పిహెచ్.డి. నిబంధనలు, స్థాయీ పరీక్షలు, పఠనభాష, మచిలీపట్నం, కోర్సువర్క్.

1. ఉపోద్ఘాతం:

విజయవాడ వన్ టౌన్‌లో భాషలకు కొదవలేదు. కాళేశ్వరరావు మార్కెట్ నుంచి సామరంగం చౌక్ దాకా నడిస్తే తెలుగుతో పాటు హిందీ, ఉర్దూ, మార్వాడీ, గుజరాతీ వినిపిస్తాయి. ఇస్లాంపేటలో అరబ్బీ లిపి చదవగలిగిన పిల్లలు ఎందరో ఉంటారు. వ్యాపారం కోసమో, మతాచారం కోసమో భాషలు నేర్చుకొనే అలవాటు ఈ ప్రాంతానికి కొత్త కాదు. అయితే ఇక్కడి కళాశాలలో డిగ్రీ పూర్తి చేసిన విద్యార్థి ఫ్రెంచిలోనో జర్మన్‌లోనో అరబ్బీలోనో ఎం.ఏ. చేసి, పరిశోధన దాకా వెళ్లాలనుకుంటే దారి చెప్పేవారు అరుదు. డెల్టాలోని అనుబంధ కళాశాలల్లో ద్వితీయభాషగా తెలుగు, హిందీ, సంస్కృతం, ఉర్దూలే ప్రధానంగా కనిపిస్తాయి. 2020 నాటి జాతీయ విద్యావిధానం మాధ్యమిక స్థాయిలోనే కొరియన్, జపనీస్, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్ వంటి భాషలు నేర్పవచ్చునని చెప్పింది. వాటిని నేర్పవలసిన అధ్యాపకులు ఏ పరీక్షలు దాటి రావాలన్న ప్రశ్న మాత్రం అంతగా చర్చకు రాలేదు.

'విదేశీ భాషా పరీక్ష' అనే మాటకు ఉన్నత విద్యలో రెండు అర్థాలు ఉన్నాయి. విదేశీ భాషా సాహిత్యాలే అధ్యయన విషయమైన విద్యార్థి రాసే పరీక్ష మొదటిది. చరిత్ర, సాహిత్యం, మతాధ్యయనం వంటి మరో విషయంలో పరిశోధన చేస్తూ, ఆధారాలను మూలంలో చదవగలనని నిరూపించుకోవడానికి రాసే పరీక్ష రెండవది. మన విశ్వవిద్యాలయాల్లో మొదటిది ఉంది, రెండవది దాదాపు లేదు. ఈ లోటు కృష్ణాడెల్టా చరిత్రను పరిశోధించేవారికి ఎంత నష్టం కలిగిస్తుందో 6వ భాగంలో చూడవచ్చు.

2. తెలుగే విదేశీ భాషగా ఉన్న పరీక్ష:

ఈ ప్రాంతానికి విదేశీ భాషా పరీక్షతో ఉన్న తొలి సంబంధం తలకిందులైనది. అక్కడ తెలుగువారు పరీక్షకులు, వచ్చినవారు ఆంగ్లేయులు. 1812లో ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ చొరవతో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల ఏర్పడింది. ఈస్టిండియా కంపెనీ సివిల్ ఉద్యోగులుగా వచ్చిన యువకులు అక్కడ దేశభాషలు నేర్చి పరీక్ష ఇచ్చేవారు. ప్రావీణ్యాన్ని బట్టి వారి నెలసరి భత్యం పెరిగేది, ఉత్తీర్ణులైన తర్వాత జిల్లా ఉద్యోగాలకు వెళ్లేవారు. భాషాపరీక్షను జీతానికి, ఉద్యోగానికి ముడిపెట్టిన ఈ ఏర్పాటు 1854లో కళాశాల మూతపడేదాకా సాగింది.

ఆ పరీక్షకు కావలసిన సామగ్రిలో కొంత బందరు నుంచే వెళ్లింది. మచిలీపట్నానికి చెందిన వర్తకుడు మామిడి వెంకయ్య కూర్చిన 'ఆంధ్రదీపిక' అకారాది క్రమంలో వచ్చిన తొలి తెలుగు నిఘంటువుగా పేరుపొందింది. 1816లో ఎ.డి. క్యాంప్‌బెల్ ప్రచురించిన తెలుగు వ్యాకరణం, దానికి ఎల్లిస్ రాసిన పీఠికాభాగం రెండూ వెంకయ్య కృషిని వినియోగించుకున్నాయి. ద్రావిడ భాషలు వేరొక కుటుంబమన్న ప్రతిపాదన తొలిసారిగా అచ్చయింది ఆ పీఠికాభాగంలోనే. పరీక్ష కోసం తయారైన పాఠ్యపుస్తకంలో ఇంత పెద్ద శాస్త్రీయ ప్రతిపాదన చోటు చేసుకోవడం గమనించదగినది. పరీక్షా సామగ్రిని అల్పమైనదిగా చూసే అలవాటును ఈ ఒక్క ఉదాహరణ ప్రశ్నార్థకం చేస్తుంది.

సి.పి. బ్రౌన్ ఈ కళాశాలలోనే చదివాడు. 1817లో మద్రాసు చేరి వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్చుకొని, 1820లో పరీక్ష పూర్తి చేసి కడపలో ఉద్యోగంలో చేరాడు. అయితే పరీక్ష నెగ్గినంత మాత్రాన అతనికి తెలుగు కావ్యం చదవడం రాలేదు. 1822లో మచిలీపట్నం వచ్చిన తర్వాత తిప్పాభొట్ల వెంకటశివశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మయ్యల సాయంతో ఛందస్సు, కావ్యభాష నేర్చుకున్నాడు. 1829 నాటి వేమన పద్యాల ప్రచురణకు, ఆ తర్వాతి నిఘంటువులకు పునాది పడింది ఆ బందరు చదువులోనే. కచేరీ పనికి కావలసిన అనువాదాన్ని, సంభాషణను కొలిచే పరీక్ష సాహిత్య పఠనాన్ని కొలవలేదు. ఆ పని దాని ఉద్దేశమూ కాదు. ఏ పరీక్ష దేనికోసం ఏర్పడిందో తెలియకుండా దాని ఫలితాన్ని మరో పనికి అన్వయించడం నేటి విద్యార్థులు, కొన్నిసార్లు నియామక సంఘాలు కూడా చేస్తున్న పొరపాటు.

3. స్థాయీ పరీక్షలు: ధ్రువపత్రానికీ పట్టాకూ మధ్య:

విజయవాడలో విదేశీ భాష నేర్చుకొనేవారిలో అధికులు శిక్షణకేంద్రాల్లోనో ఆన్‌లైన్‌లోనో చేరి, ఎ1, ఎ2, బి1 అనే మెట్లలో చదువుతారు. ఈ మెట్లను 2001లో ఐరోపా మండలి ప్రచురించిన ఉమ్మడి భాషా ప్రమాణపట్టిక నిర్దేశించింది. ఎ1 నుంచి సి2 వరకు ఆరు స్థాయులు ఉంటాయి. ఈ పట్టిక 'విద్యార్థికి ఎంత వ్యాకరణం తెలుసు' అని అడగదు, 'ఆ భాషతో ఏం చేయగలడు' అని అడుగుతుంది. బి2 స్థాయిని చేరినవారు తమకు తెలిసిన రంగంలోని క్లిష్టమైన పాఠం సారాంశాన్ని గ్రహించగలగాలి, మాతృభాషీయులతో తడబాటు లేకుండా మాట్లాడగలగాలి. అక్కడికి చేరడానికి ఐదారు వందల గంటల బోధన అవసరమని అంచనా.

ఫ్రెంచికి సంబంధించిన డెల్ఫ్ పరీక్ష ఎ1 నుంచి బి2 వరకు, డాల్ఫ్ సి1, సి2 స్థాయులకు ఉన్నాయి. డెల్ఫ్‌లో వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం అనే నాలుగు భాగాలకు ఒక్కొక్కదానికి 25 మార్కులు. మొత్తం మీద 50 రావాలి, ఏ భాగంలోనూ 5 కన్నా తగ్గకూడదు. ఒక అభ్యర్థికి చదవడంలో 24, వినడంలో 20, రాయడంలో 10, మాట్లాడటంలో 4 వచ్చాయనుకుంటే మొత్తం 58 అవుతుంది. అయినా ఆ అభ్యర్థి ఉత్తీర్ణుడు కాడు. పుస్తకం ముందు పెట్టుకొని చదివి, మాట్లాడే సాధన లేకుండా పరీక్షకు వెళ్లేవారికి ఎదురయ్యే పరిస్థితి ఇదే. జర్మన్‌కు గోథె సంస్థ నిర్వహించే బి2 పరీక్షలో నాలుగు భాగాలను విడివిడిగా రాయవచ్చు, ప్రతి దానిలోనూ 100కి 60 తెచ్చుకోవాలి. జపనీస్ జె.ఎల్.పి.టి. తీరు వేరు. ఎన్5 నుంచి ఎన్1 దాకా ఐదు స్థాయులున్న ఆ పరీక్షలో మాట్లాడటం, రాయడం అసలే లేవు. అత్యున్నతమైన ఎన్1లో 180కి 100 మార్కులు తెచ్చుకొని, ఒక్క వాక్యమైనా సొంతంగా రాయకుండా ధ్రువపత్రం పొందవచ్చు.

కృష్ణాజిల్లా విద్యార్థి ఈ పరీక్షలు రాయడానికి సాధారణంగా హైదరాబాదుకో చెన్నైకో వెళ్లవలసి వస్తుంది. ప్రయాణం, బస, రుసుము కలిపితే అది చిన్న ఖర్చు కాదు. ఇంత శ్రమపడి సంపాదించిన బి2 ధ్రువపత్రం ఎం.ఏ. ప్రవేశానికి దానంతటదే అర్హత అవుతుందని భావించడం సరికాదు. స్థాయీ ధ్రువపత్రం నైపుణ్యానికి సాక్ష్యమే గాని విద్యార్హత కాదు. విదేశీ భాషా ఎం.ఏ.లకు సాధారణంగా ఆ భాషలో బి.ఏ. గాని, ఏదైనా డిగ్రీతో పాటు గుర్తింపు పొందిన డిప్లొమాలు గాని అడుగుతారు. కొన్ని ప్రకటనలు స్థాయీ ధ్రువపత్రాన్నీ అంగీకరిస్తాయి, కొన్ని అంగీకరించవు. ప్రకటనలోని అర్హతల పేరాను దరఖాస్తు రుసుము చెల్లించక ముందే చదవాలని విద్యార్థికి చెప్పవలసిన బాధ్యత కళాశాల అధ్యాపకులది.

అరబ్బీ విషయంలో మరో మార్గం కూడా ఉంది. మదరసాలో ఉన్నత స్థాయి చదువు పూర్తి చేసినవారి ధ్రువపత్రాలను కొన్ని విశ్వవిద్యాలయాలు నిర్ణీత కోర్సుల్లో ప్రవేశానికి సమానార్హతగా గుర్తిస్తాయి. హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఇందుకు తెలిసిన ఉదాహరణ. వన్ టౌన్ ప్రాంత విద్యార్థులకు ఇది ఫ్రెంచి, జర్మన్‌ల కన్నా దగ్గరి దారి. అయితే ఏ మదరసా ధ్రువపత్రం ఏ కోర్సుకు చెల్లుతుందో ఆ విశ్వవిద్యాలయ జాబితాలో ముందే చూసుకోవాలి.

4. ఎం.ఏ. ఎక్కడ?

తెలుగు నేలపై విదేశీ భాషల ఉన్నత విద్య హైదరాబాదులో కేంద్రీకృతమైంది. 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా మొదలై, 1972లో విదేశీ భాషలను చేర్చుకొని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇఫ్లూలో అరబ్బీ, ఫ్రెంచి, జర్మన్, రష్యన్, స్పానిష్ మొదలైన భాషల్లో ఎం.ఏ., పరిశోధన ఉన్నాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ విదేశీ భాషా విభాగాలు చిరకాలంగా ఉన్నాయి. 2014 రాష్ట్ర విభజన తర్వాత ఈ రెండూ తెలంగాణలోనే ఉండిపోయాయి. విభజన చర్చల్లో నీళ్ల గురించి, ఉద్యోగాల గురించి ఎంత మాట్లాడారో విదేశీ భాషా విభాగాల గురించి అంత తక్కువ మాట్లాడారు. కోస్తా విద్యార్థికి ఇవి గాక పాండిచ్చేరి, మద్రాసు, ఢిల్లీ, జె.ఎన్.యు. వంటివి మిగిలాయి.

కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి 2022 నుంచి సి.యు.ఇ.టి.-పి.జి. ద్వారా ప్రవేశాలు జరుగుతున్నాయి. 75 బహుళైచ్ఛిక ప్రశ్నలు, సరైన జవాబుకు 4 మార్కులు, తప్పు జవాబుకు 1 మార్కు కోత. భాష నేర్వడానికి వచ్చే విద్యార్థిని మాట్లాడించకుండానే ఎంపిక చేసే పద్ధతి ఇది. స్థాయీ పరీక్షల్లో డెల్ఫ్ ఒక కొస అయితే, ఈ ప్రవేశపరీక్ష మరో కొస.

5. నెట్: రాయకుండా నెగ్గే భాషాపరీక్ష:

ఆంధ్రప్రదేశ్‌లో అధ్యాపక అర్హతకు నెట్‌తో పాటు ఆంధ్ర విశ్వవిద్యాలయం నిర్వహించే ఏపీసెట్ ఉన్న సంగతి తెలిసిందే. తెలుగు, హిందీ, సంస్కృతం, ఉర్దూ, ఆంగ్లం అభ్యర్థులకు ఈ రెండవ అవకాశం ఉంది. ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, రష్యన్, జపనీస్ అభ్యర్థులకు లేదు. ఏపీసెట్ విషయాల జాబితాలో ఈ భాషలు కనిపించవు. కాబట్టి విదేశీ భాషా విద్యార్థికి నెట్ ఒక్కటే ద్వారం.

ప్రస్తుత నెట్‌లో రెండు పత్రాలు. మొదటిది అందరికీ సమానమైన బోధన, పరిశోధన అభిరుచి పత్రం, 50 ప్రశ్నలకు 100 మార్కులు. రెండవది విషయపత్రం, 100 ప్రశ్నలకు 200 మార్కులు. రెండింటికీ కలిపి మూడు గంటలు, మార్కుల కోత లేదు. జనరల్ అభ్యర్థులకు మొత్తం మీద 40 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 35 శాతం కనీసార్హత. దాన్ని దాటినవారంతా ఉత్తీర్ణులు కారు. పరీక్ష రాసినవారిలో 6 శాతం మందినే, విషయాల వారీగా, వర్గాల వారీగా పంచి అర్హులుగా ప్రకటిస్తారు. భాషల్లో విషయపత్రం ఆ భాషలోనే ఉంటుంది. ఫ్రెంచి అభ్యర్థికి ప్రశ్నలు ఫ్రెంచిలో వస్తాయి. సాహిత్య చరిత్ర, రచయితలు, విమర్శ సిద్ధాంతాలు, భాషాశాస్త్రం, బోధనపద్ధతులు అన్నీ బహుళైచ్ఛిక రూపంలోనే ఉంటాయి.

ఇది మొదటినుంచీ ఇలా లేదు. 1989లో ప్రారంభమైన నెట్‌లో ఒకప్పుడు మూడవ పత్రం వ్యాసరూపంలో ఉండేది. అభ్యర్థి తాను బోధించబోయే భాషలో పేజీల కొద్దీ రాయవలసి వచ్చేది. 2012 జూన్ నుంచి ఆ పత్రాన్ని కూడా బహుళైచ్ఛికంగా మార్చారు. 2018లో మూడవ పత్రమే పోయింది. మూల్యాంకనంలో వ్యక్తిగత భేదాలు తొలగాయని, ఫలితాలు త్వరగా వస్తున్నాయని ఈ మార్పును సమర్థించేవారు చెప్పే కారణాల్లో నిజం ఉంది. ఒకే జవాబుకు ఇద్దరు పరీక్షకులు పెద్ద తేడాతో మార్కులు వేయడం భాషాసాహిత్యాల్లో తెలిసిన విషయమే. అయితే అర్థశాస్త్ర అభ్యర్థికి జరిగిన నష్టం, విదేశీ భాషా అభ్యర్థికి జరిగిన నష్టం సమానం కావు. అర్థశాస్త్రంలో రాయడం విషయాన్ని చెప్పే సాధనం. భాషావిభాగంలో రాయడమే విషయం. స్పానిష్‌లో ఒక పేరా తప్పులు లేకుండా రాయగలరో లేదో ఏ దశలోనూ చూడకుండా స్పానిష్ అధ్యాపక అర్హతను ఇవ్వడం విచిత్రమైన ఏర్పాటు. తెలుగు అభ్యర్థుల విషయంలోనూ ఇది వర్తిస్తుంది గాని, మాతృభాష గనుక ఆ లోపం అంతగా బయటపడదు.

2024 జూన్ నుంచి నెట్ మరో పని కూడా చేస్తున్నది. దాని ఫలితాలను మూడు శ్రేణులుగా ప్రకటిస్తున్నారు. జె.ఆర్.ఎఫ్., అధ్యాపక అర్హత, పిహెచ్.డి. ప్రవేశం మూడూ వచ్చేది మొదటి శ్రేణి. అధ్యాపక అర్హత, పిహెచ్.డి. ప్రవేశం వచ్చేది రెండవది. పిహెచ్.డి. ప్రవేశానికి మాత్రమే పనికివచ్చేది మూడవది. జె.ఆర్.ఎఫ్. పొందినవారిని మౌఖిక పరీక్ష ద్వారా తీసుకుంటారు. మిగిలిన రెండు శ్రేణులవారికి నెట్ పర్సంటైల్‌కు 70 శాతం, మౌఖిక పరీక్షకు 30 శాతం విలువ. ప్రవేశం కోసం ఈ రెండు శ్రేణులవారి ఫలితం ఒక్క ఏడాదే చెల్లుతుంది. ఆ మొదటి విడతలోనే జూన్ 18న జరిగిన పరీక్షను మరునాడు రద్దు చేసి, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో తిరిగి నిర్వహించారు. ఏడాదే చెల్లే ఫలితం మీద ఆధారపడిన విద్యార్థికి మూడు నెలల జాప్యం ప్రవేశాల కాలాన్నే తారుమారు చేస్తుంది.

నిజానికి విదేశీ భాషా అభ్యర్థిని మాట్లాడించి చూసేది ఆ 30 శాతం మౌఖిక పరీక్షలోనే. విభాగాధిపతులు దాన్ని పరిశోధన ప్రతిపాదన మీద నాలుగు ప్రశ్నలతో ముగించకుండా, ఆ భాషలోనే నిర్వహిస్తే నెట్ వదిలేసిన సామర్థ్యం కొంతైనా పరీక్షకు వస్తుంది. ఇక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విశ్వవిద్యాలయాలు పరిశోధన ప్రవేశాలకు నిర్వహించే ఏపీఆర్‌సెట్ గురించి విదేశీ భాషా విద్యార్థి ఎక్కువ ఆలోచించవలసిన పని లేదు. పర్యవేక్షకులు లేనిచోట ప్రవేశపరీక్షతో ప్రయోజనం తక్కువ.

6. పిహెచ్.డి. దశలు, లేని పఠనభాష:

యు.జి.సి. 2022 నవంబరులో ప్రకటించిన నిబంధనలు ప్రస్తుతం పిహెచ్.డి.కి ఆధారం. పి.జి.లో 55 శాతం, లేదా నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులు అర్హత. ఎస్.సి., ఎస్.టి., వెనుకబడిన, వికలాంగ, ఆర్థికంగా బలహీన వర్గాలకు 5 శాతం సడలింపు ఉంది. విశ్వవిద్యాలయం సొంతంగా ప్రవేశపరీక్ష పెడితే సగం పరిశోధన పద్ధతుల నుంచి, సగం విషయం నుంచి ప్రశ్నలు ఉండాలి. ప్రవేశం తర్వాత కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్క్ పూర్తి చేసి 55 శాతం తెచ్చుకోవాలి. ఆ క్రెడిట్లలో పరిశోధన, ప్రచురణ నైతికత మీద ఒక కోర్సు తప్పనిసరి. ప్రతి సెమిస్టరులోనూ పరిశోధన సలహా సంఘం ముందు పని వివరించాలి. కనీస కాలం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు, పునర్నమోదుతో మరో రెండేళ్లు. మహిళలకు, 40 శాతానికి మించిన వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్ల సడలింపు ఉంది. సిద్ధాంతగ్రంథాన్ని పర్యవేక్షకులతో పాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చూడాలి, వీలైనచోట వారిలో ఒకరు విదేశీయులై ఉండాలి. విదేశీ భాషా విభాగాలకు ఈ చివరి వాక్యం అలంకారం కాదు. ఆ భాష మాతృభాషగా గల పండితుడు గ్రంథాన్ని చదివే అవకాశం ఇక్కడే ఉంది. 2016 నిబంధనల్లో ఉన్న పత్రిక ప్రచురణ నియమం 2022లో తొలగింది. ఎం.ఫిల్. కూడా రద్దయింది. మూలభాషలో చదవడం అలవడటానికి ఎం.ఫిల్. ఇచ్చిన ఒకటి రెండేళ్ల వ్యవధి దానితో పాటే పోయింది.

ఈ నిబంధనల్లో ఎక్కడా కనిపించని అంశం పరిశోధకుడి పఠనభాష. అమెరికా విశ్వవిద్యాలయాల మానవీయ శాస్త్రాల విభాగాల్లో పిహెచ్.డి. విద్యార్థి తన పరిశోధనకు అవసరమైన ఒకటి రెండు విదేశీ భాషల్లో చదవగలనని నిరూపించాలన్న నియమం చిరకాలంగా ఉంది. దాని పద్ధతి సాదాసీదాగా ఉంటుంది. ఆ రంగానికి చెందిన ఒకటి రెండు పేజీల పాఠం ఇస్తారు. నిఘంటువు దగ్గర పెట్టుకొని, గంట రెండు గంటల్లో ఆంగ్లంలోకి అనువదించాలి. మాట్లాడనక్కర లేదు, ఉచ్చారణ అడగరు. దక్షిణాసియా అధ్యయనాల్లో చేరే తెలుగు విద్యార్థికి తెలుగు, సంస్కృతం వచ్చినా, ఫ్రెంచో జర్మనో పర్షియనో మరొకటి నేర్వక తప్పని సందర్భాలు ఉంటాయి. ఈ నియమం కొన్నిచోట్ల మొక్కుబడిగా మారిందన్న విమర్శ అక్కడే ఉంది. ఒక వేసవిలో నేర్చి, పరీక్ష రాసి, మరుసటి వేసవికి మరచిపోయేవారు ఉన్నారు. ఆ విమర్శలో పస లేకపోలేదు. కాని అవసరమైన భాషకు, అవసరమైన సమయంలో పెట్టిన పరీక్ష ఫలితం వేరుగా ఉంటుంది.

కృష్ణాడెల్టా చరిత్రే ఇందుకు తగిన ఉదాహరణ. డచ్చి కంపెనీ 1605లో మచిలీపట్నం వచ్చింది. ఆంగ్లేయులు 1611లో, ఫ్రెంచివారు 1669లో స్థావరాలు పెట్టారు. 1750 నుంచి 1759 వరకు బందరు ఫ్రెంచివారి చేతిలో ఉంది. పదిహేడవ శతాబ్దంలో డెల్టా నేతగాళ్లు ఏ బట్ట నేసేవారు, దళారులకు బయానా ఎలా అందేది, క్షామకాలంలో ధాన్యం ధర ఎంత పలికింది అన్న వివరాలు ఎక్కువగా ఉన్నది డచ్చి కంపెనీ కాగితాల్లో. వివిధ దేశాల్లో మిగిలిన ఆ కంపెనీ పత్రాలు దాదాపు రెండున్నర కోట్ల పేజీలని అంచనా. 2003లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. గోల్కొండ, మొఘల్ పాలన వివరాలు పర్షియన్‌లో ఉన్నాయి. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో షాజహాన్, ఔరంగజేబు కాలపు పర్షియన్ పత్రాలు భద్రంగా ఉన్నాయి. ఈ భాషలు చదివినవారు బందరు చరిత్రను రాశారు. 1990లో సంజయ్ సుబ్రహ్మణ్యం, 1994లో సిన్నప్ప అరసరత్నం, అనిరుద్ధ రే ప్రచురించిన గ్రంథాలు ఐరోపా భాషల మూలాల మీద నిలిచినవి. బందరుకు నలభై మైళ్ల లోపు విశ్వవిద్యాలయాల్లో చరిత్ర, తెలుగు పరిశోధన చేసేవారు ఆ గ్రంథాల నుంచి ఉదాహరించగలరు గాని, వాటితో విభేదించడానికి కావలసిన మూలాన్ని చదవలేరు. ద్వితీయ ఆధారాల మీద నడిచే పరిశోధనకు ఇదే పెద్ద పరిమితి. పరిశోధకుల శ్రద్ధలో లోపం లేదు, వారికి ఆ మెట్టు ఎవరూ వేయలేదు.

ఆ మెట్టు వేయడం అసాధ్యం కాదని నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయం అనుభవం చెబుతున్నది. 2000 తర్వాతి సంవత్సరాల్లో టనాప్ అనే కార్యక్రమం కింద భారత్, శ్రీలంక, ఇండోనేసియా మొదలైన దేశాల విద్యార్థులకు అక్కడ డచ్చి భాష, పాత చేతిరాత చదివే పద్ధతి నేర్పి, ఆ తర్వాతే పరిశోధనలోకి పంపారు. మొదలుపెట్టిన రోజున వారిలో చాలామందికి డచ్చి అక్షరం తెలియదు. మాట్లాడటం, వ్యాసం రాయడం లక్ష్యంగా పెట్టుకుంటే ఏళ్లు పట్టే పని, చదవడం ఒక్కటే లక్ష్యమైతే నెలల్లోకి వస్తుంది.

7. కోర్సువర్క్‌లో ఉన్న అవకాశం:

2022 నిబంధనలు కోర్సువర్క్‌కు కనీస క్రెడిట్లు, నైతికత కోర్సు మాత్రమే నిర్దేశించాయి. తక్కిన పత్రాలేమిటో నిర్ణయించే అధికారం విశ్వవిద్యాలయాలకే ఉంది. అంటే చరిత్ర, తెలుగు, జర్నలిజం వంటి విభాగాల్లో నాలుగు క్రెడిట్ల పఠనభాషా పత్రం ప్రవేశపెట్టడానికి ఢిల్లీ నుంచి కొత్త ఉత్తర్వు అవసరం లేదు. బోర్డ్ ఆఫ్ స్టడీస్ తీర్మానం, అకడమిక్ కౌన్సిల్ ఆమోదం చాలు. అందరికీ ఒకే భాష విధించడం కన్నా, పరిశోధనాంశం ఖరారైన రోజునే పర్యవేక్షకులు, సలహా సంఘం కలిసి భాషను నిర్ణయించడం మేలు. నేత, రేవు వ్యాపారం మీద పనిచేసేవారికి డచ్చి, కొండపల్లి ఖిల్లా సనదులు, జమీందారీల పుట్టుక చూసేవారికి పర్షియన్, యానాం లేదా బుస్సీ కాలం ఎంచుకున్నవారికి ఫ్రెంచి, నాయుడుపేట, సూళ్లూరుపేట ప్రాంతాల హెర్మన్స్‌బర్గ్ మిషన్ చరిత్ర రాసేవారికి జర్మన్ అవసరమవుతాయి. ఆధునిక సాహిత్యం మీద పనిచేసే తెలుగు పరిశోధకులకు ఉర్దూ, తమిళం, కన్నడాలే ఎక్కువ పనికిరావచ్చు. విదేశీ భాషే కావాలన్న పట్టుదల అక్కడ అనవసరం.

పరీక్ష కూడా నెట్ నమూనాలో ఉండకూడదు. పరిశోధకుడు చదవబోయే మూలాల నుంచే రెండు పేజీలు, నిఘంటువు, రెండు గంటల సమయం ఇచ్చి తెలుగులోకి అనువదించమనాలి. అనువాదం కింద పది వాక్యాల్లో ఆ పాఠం సందర్భాన్ని వివరించమంటే, అర్థమై రాశాడో పదానికి పదం పేర్చాడో తెలిసిపోతుంది. మూల్యాంకనానికి ఆ భాష తెలిసిన బయటి అధ్యాపకుడు కావాలి. హైదరాబాదు విభాగాలవారితో అవగాహన కుదుర్చుకొని, జవాబుపత్రాన్ని స్కాన్ చేసి పంపితే సరిపోతుంది. తప్పినవారికి తదుపరి సెమిస్టరులో మరో అవకాశం ఉండాలి. మొదటి ప్రయత్నంలో నెగ్గలేదని నమోదు రద్దు చేస్తే, ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన గ్రామీణ విద్యార్థులే ముందుగా నష్టపోతారు.

బోధనకు మనుషులెవరన్నది దీనికన్నా కష్టమైన ప్రశ్న. ఫ్రెంచి, జర్మన్‌లకు ఆన్‌లైన్ బోధకులు దొరుకుతారు. పర్షియన్‌కు హైదరాబాదులో ఇంకా పండితులు ఉన్నారు. డచ్చికి ఆధునిక భాషాబోధన దొరికినా, పదిహేడవ శతాబ్దపు చేతిరాత నేర్పేవారు దేశంలోనే కొద్దిమంది. లాటిన్ సంగతి చెప్పనక్కరలేదు. 1728లో బెంజమిన్ షుల్జ్ రాసిన తెలుగు వ్యాకరణం ఆ భాషలోనే ఉంది. రెండు శతాబ్దాలకు పైగా రాతప్రతిగా ఉండిపోయి, 1984లో జర్మనీలోని హాలెలో అచ్చయింది. తెలుగు వ్యాకరణ చరిత్ర మీద పనిచేసే పరిశోధకులకు దాన్ని మూలంలో చదివించే కోర్సువర్క్ పత్రం రూపొందించాలంటే, మొదట విభాగం వెతకవలసింది లాటిన్ తెలిసిన క్రైస్తవ గురువిద్యాలయాల అధ్యాపకులను.